మన కరెంటు మీటరుకి తెలివి వస్తే...

2022 ఆగస్టు 31, బుధవారం. అమ్మా నాన్నగారూ ఒంగోలు నుంచి మా దగ్గరికి వచ్చి అప్పటికి నెల రోజులైంది. మేముండేది కాలిఫోర్నియాలోనే అయినా సముద్రానికి దూరంగా, కొండలకి లోపలి వైపున్న ఊరు. బే ఏరియా చల్లగాలి మా దాకా రాదు. ఆ వారం రాష్ట్రమంతా ఎండలు మండిపోతున్నాయి. మధ్యాహ్నం నేను ఆఫీసులో మీటింగులో ఉండగా ఇంటి నుంచి ఫోను.

"ఏరా, మీ ఏసీ పాడైనట్టుంది. పైన గదిలో చల్లగాలి రావడం లేదు. మీ అమ్మకి కళ్ళు తిరుగుతున్నాయంటోంది" అన్నారు నాన్నగారు. అమ్మకి బీపీ ఉంది. నాకు గుండె ఝల్లుమంది.

ఫోనులో థర్మోస్టాట్ యాప్ తెరిచి చూస్తే ఏసీ నిక్షేపంలా ఉంది. కాకపోతే నేను 76 డిగ్రీలలో పెట్టి వెళ్ళింది 80కి మారింది. థర్మోస్టాట్ ఉండేది కింద హాల్లో. అమ్మావాళ్ళ గది మేడ మీద, పడమటి వైపు. కింద 80 అంటే పైన 88 అన్నమాట. ఇంట్లో వాళ్ళెవరూ దాన్ని ముట్టుకోలేదు. మరి మార్చిందెవరు?

మార్చింది నేనేనని చెప్పాలి. అంతకు ముందు ఏడాది 50 డాలర్ల గిఫ్టు కార్డు వస్తుందని ఒక స్కీములో చేరాను. కరెంటు కటకట ఉన్న రోజున కంపెనీ వాళ్ళు మా థర్మోస్టాట్‌ను దూరం నుంచే నాలుగు డిగ్రీల దాకా పెంచుకోవచ్చన్నది షరతు. "ఐ అగ్రీ" నొక్కడానికి నాకు పట్టింది రెండు సెకన్లు. చదివింది లేదు, ఇంట్లో చెప్పిందీ లేదు. వెంటనే యాప్‌లో దాన్ని రద్దు చేసి 74కి దించాను. అమ్మ కిందకి వచ్చి మజ్జిగ తాగి కాసేపు పడుకున్నాక తేరుకుంది. అదృష్టం.

సాయంత్రం ఇంటికి వెళ్ళాక నాన్నగారికి అంతా వివరించాను. ఆయన 34 ఏళ్ళు విద్యుత్ శాఖలో పనిచేసి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. కరెంటు గురించి ఆయనకి నేను చెప్పాల్సినది తక్కువ. అంతా విని, "పద్ధతి బాగానే ఉంది. మరి మమ్మల్నడిగారా?" అన్నారు.

"నేను ఒప్పుకున్నాను కదా నాన్నా" అన్నాను.

"ఒప్పుకున్నది నువ్వు. ఇంట్లో ఉన్నది మేము" అన్నారు.

నేను ఇక్కడ ఎమ్మెస్ చేసింది పవర్ సిస్టమ్స్‌లో. మనలో చాలామందిలాగే తరువాత సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాను. క్లాసులో స్మార్ట్ గ్రిడ్ మీద ప్రాజెక్టు కూడా చేశాను. మా ప్రాజెక్టు రిపోర్టు ఆఖరి పేజీలో "ప్రజల ఆమోదం" అని ఒకే ఒక్క పేరా ఉండేది. ప్రజలకి అవగాహన కలిగిస్తే చాలు, వాళ్ళే ఒప్పుకుంటారని రాశాం. నాన్నగారు అడిగిన ప్రశ్నకి ఆ పేరాలో జవాబు లేదు. అప్పటి నుంచి ఈ విషయం మీద వెతికి చదివినదంతా ఈ వ్యాసంలో పంచుకుంటాను. మనం అమెరికాలో ఉన్నా, మన పెద్దవాళ్ళు ఊళ్ళో ఉన్నా, ఈ మీటర్లు అందరి గోడల మీదికీ వచ్చాయి, వస్తున్నాయి.

అసలు స్మార్ట్ గ్రిడ్ అంటే ఏమిటి?

కరెంటుకి ఒక విచిత్రమైన గుణం ఉంది. ఏ క్షణంలో ఎంత వాడతామో ఆ క్షణంలో సరిగ్గా అంతే తయారవ్వాలి. ఎక్కువైనా తక్కువైనా ఫ్రీక్వెన్సీ దారి తప్పుతుంది, మరీ తప్పితే లైన్లు వాటంతటవే ట్రిప్ అవుతాయి. పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. విస్తరిలో ఖాళీ అయిన కొద్దీ వంటశాల నుంచి వేడివేడిగా వస్తూ ఉండాలి, కానీ ఒక్క గరిటె కూడా దాచుకునే వీలు లేదు. పాత గ్రిడ్ అలాంటిది. తినేవాళ్ళు పెరిగితే ఇంకో పొయ్యి వెలిగించడమే దానికి తెలిసిన ఉపాయం. ఏడాదిలో కొద్ది రోజుల రద్దీ కోసం పెద్ద పెద్ద ప్లాంట్లు కట్టుకుని మిగతా రోజులంతా ఖాళీగా ఉంచాల్సి వచ్చేది.

స్మార్ట్ గ్రిడ్ ఇంకో ఉపాయం నేర్చుకుంది. పొయ్యిలు పెంచడంతో పాటు, "కొంతమంది రెండో పంక్తిలో కూర్చుంటారా?" అని అడగడం. అలా అడగాలంటే ఎవరు ఎప్పుడు ఎంత తింటున్నారో తెలియాలి. అందుకే స్మార్ట్ మీటరు. పాత మీటరులో చక్రం తిరిగేది, నెలకోసారి మనిషి వచ్చి అంకె రాసుకు వెళ్ళేవాడు. కొత్త మీటరు గంటకోసారి, చాలాచోట్ల 15 నిమిషాలకోసారి రీడింగు తీసి రేడియో ద్వారా పంపుతుంది. కరెంటు పోతే మనం ఫోను చెయ్యకుండానే కంపెనీకి తెలిసిపోతుంది. వేళని బట్టి రేటు వేయవచ్చు. చాలా మీటర్లలో దూరం నుంచే కనెక్షను తీసేసే సదుపాయం కూడా ఉంది. ఈ ఆఖరి వాక్యం గుర్తుంచుకోండి, దానితో మళ్ళీ పని పడుతుంది.

2009లో ఆర్థిక మాంద్యం నుంచి గట్టెక్కడానికి తెచ్చిన చట్టం కింద ఒబామా ప్రభుత్వం స్మార్ట్ గ్రిడ్ పనులకి 340 కోట్ల డాలర్ల గ్రాంట్లు ప్రకటించింది. 2022 నాటికి అమెరికాలో ఇలాంటి మీటర్లు 11 కోట్లు దాటాయి. అంటే దాదాపు ప్రతి నాలుగు మీటర్లలో మూడు. ఈ లెక్క చూసి జనం ఒప్పుకున్నారనుకుంటే పొరపాటే.

బేకర్స్‌ఫీల్డ్ నేర్పిన పాఠం

కాలిఫోర్నియాలో పీజీ అండ్ ఈ సంస్థ 2006లో బేకర్స్‌ఫీల్డ్ ప్రాంతంతో స్మార్ట్ మీటర్ల బిగింపు మొదలుపెట్టింది. 2009 వేసవిలో అక్కడి జనానికి బిల్లులు గుండెలు అదిరేలా వచ్చాయి. రెండింతలు, మూడింతలు వచ్చాయన్న వాళ్ళున్నారు. ఫిర్యాదులు వెల్లువెత్తాయి, కోర్టు కేసు పడింది, శాసనసభ్యులు బహిరంగ విచారణలు పెట్టారు. చివరికి రాష్ట్ర యుటిలిటీస్ కమిషన్ ఒక బయటి సంస్థ చేత పరీక్ష చేయించింది. 2010 సెప్టెంబరులో నివేదిక వచ్చింది. ఇళ్ళ దగ్గర పరీక్షించిన 613 స్మార్ట్ మీటర్లలో 611 సరిగ్గానే ఉన్నాయి.

మరి బిల్లులెందుకు పెరిగాయి? ఆ వేసవి ఎండలు ఎక్కువ. అదే సమయంలో రేట్లు పెరిగాయి. సరిగ్గా అప్పుడే మీటరూ మారింది. జనం కంటికి కనిపించిన మార్పు మీటరొక్కటే, అందుకే అనుమానం దాని మీదకే వెళ్ళింది.

ఇంజనీరుగా నేనైతే 611 అనే అంకె దగ్గరే ఆగిపోయేవాడిని. మీటరు నిర్దోషి, కేసు కొట్టేశారు! కానీ అదే నివేదిక ఇంకో మాట కూడా చెప్పింది. ఫిర్యాదు చేసిన వాళ్ళతో కంపెనీ వ్యవహరించిన తీరు బాగా లేదని, కొత్త మీటరు మీద జనానికున్న అనుమానాలని తీర్చే పని సరిగ్గా చెయ్యలేదని తప్పు పట్టింది. ఆ పైన 2011 మేలో ఇంకో మలుపు. ఒక రకం మీటర్లు సుమారు 1,600 బాగా వేడెక్కినప్పుడు ఎక్కువ చూపిస్తున్నాయని కంపెనీయే ఒప్పుకుని, వాటిని మార్చి డబ్బు వెనక్కి ఇచ్చింది. లక్షల మీటర్లలో 1,600 అంటే లెక్కలో ఎంత? ఏమీ లేదు. కానీ "మీటరు తప్పు చెయ్యదు" అని రెండేళ్ళుగా విన్న మనిషికి ఆ వార్త ఎలా వినిపించి ఉంటుంది?

రేడియో తరంగాల వల్ల ఆరోగ్యం పాడవుతుందన్న భయం కూడా అప్పుడే పుట్టింది. 2011లో కాలిఫోర్నియా సైన్స్ అండ్ టెక్నాలజీ కౌన్సిల్ పరిశీలించి, మీటరు నుంచి వచ్చే తరంగాలు మనం చెవి దగ్గర పెట్టుకునే సెల్ ఫోను కంటే చాలా తక్కువని తేల్చింది. అయినా అభ్యంతరాలు తగ్గలేదు. సెల్ ఫోను మనం కొనుక్కుని తెచ్చుకున్నది, మీటరు ఎవరో వచ్చి బిగించి వెళ్ళినది. తేడా అక్కడుంది. చివరికి 2012 ఫిబ్రవరిలో కమిషన్ "వద్దనుకునే వాళ్ళు వద్దనవచ్చు" అంది. అయితే మొదట 75 డాలర్లు, ఆపైన నెలకి 10 డాలర్లు కట్టాలి. తక్కువ ఆదాయం వాళ్ళకి 10, 5 డాలర్లు. వద్దనే హక్కు దొరికింది గానీ, ధర పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది.

దీనికి పక్కన టెనెసీలోని చట్టనూగాని పెట్టి చూడండి. అక్కడ కరెంటు సంస్థ ఊరిదే. స్మార్ట్ గ్రిడ్ కోసం వేసిన ఫైబర్ మీదే 2010లో ఊరంతటికీ గిగాబిట్ ఇంటర్నెట్ ఇచ్చారు. తీగల మీద సుమారు 1,200 ఆటోమేటిక్ స్విచ్చులు పెట్టారు. గాలివానకి ఒకచోట తీగ తెగితే ఆ ముక్కని మాత్రం వేరు చేసి మిగతా వీధులకి వాటంతటవే వేరే దారిలో కరెంటు ఇస్తాయి. లాభం ఇంటి దాకా వచ్చింది, ఆ వచ్చినది కంటికి కనబడింది. స్మార్ట్ గ్రిడ్ అన్నది అక్కడ బిల్లు రూపంలో కాక దీపం రూపంలో పరిచయమైంది.

మీటరుకి మన ఇల్లు ఎంత కనిపిస్తుంది?

ఇది నాకు చాలా కాలం పట్టని విషయం. "మనం దాచుకునేదేముంది, ఇడ్లీ కుక్కరు ఎప్పుడు పెట్టామో వాళ్ళకి తెలిస్తే ఏం?" అనుకునేవాడిని. కానీ ఎమ్‌ఐటీలో 1980లలో జార్జ్ హార్ట్ అనే శాస్త్రవేత్త చేసిన పని చదివాక అభిప్రాయం మారింది. ప్రతి పరికరానికీ కరెంటు తీసుకోవడంలో ఒక వేలిముద్ర ఉంటుంది. ఫ్రిజ్ ఒక రకంగా, మోటారు ఒక రకంగా, హీటరు ఒక రకంగా. ఇంటి మొత్తం వాడకాన్ని బయట ఒక్కచోట దగ్గరి దగ్గరి సమయాల్లో కొలిస్తే చాలు, లోపల ఏది ఎప్పుడు నడిచిందో చాలావరకు విడదీయవచ్చు. ఈ పద్ధతిని కనిపెట్టిన వాళ్ళలో ఒకరైన హార్టే, ఇది ఇంటి మీద నిఘాకి పనికొస్తుంది జాగ్రత్త అని 1989లోనే వ్యాసం రాశారు. 15 నిమిషాల రీడింగులో అంత వివరం ఉండదు. కానీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా, ఎప్పుడు పడుకున్నారు, ఊరెళ్ళారా అన్నది తెలియడానికి అది చాలు.

నెదర్లాండ్స్‌లో ప్రభుత్వం స్మార్ట్ మీటరును తప్పనిసరి చెయ్యబోయింది. 2009 ఏప్రిల్‌లో అక్కడి సెనేట్ ఆ బిల్లును ఆపేసింది. వినియోగదారుల సంఘం న్యాయ నిపుణుల చేత అధ్యయనం చేయించి, ఇది యూరప్ మానవ హక్కుల ఒప్పందంలోని వ్యక్తిగత జీవితపు హక్కుకి విరుద్ధమని వాదించింది. ప్రభుత్వం బిల్లు మార్చింది. మీటరు వద్దనవచ్చు, లేదా మీటరు ఉంచుకుని రీడింగులు పంపడం ఆపించుకోవచ్చు. 2011లో కొత్త చట్టం వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ తరువాత ఎక్కువ ఇళ్ళ వాళ్ళు మీటరు పెట్టించుకున్నారు. వద్దనే తలుపు తెరిచి ఉంచితే, దానిలోంచి బయటికి వెళ్ళిన వాళ్ళు కొద్దిమందే.

మన వాళ్ళు చాలామంది ఉండే షికాగో శివారు నేపర్‌విల్‌లో కూడా ఇదే గొడవ. అక్కడ కరెంటు సంస్థ సిటీదే. ఇళ్ళన్నిటికీ స్మార్ట్ మీటర్లు పెట్టారు. వద్దన్న వాళ్ళకి రేడియో ఆపేసిన మీటరు, అదీ అదనపు రుసుముతో. కొంతమంది పౌరులు సంఘంగా ఏర్పడి కోర్టుకెక్కారు. 2018 ఆగస్టులో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు తీర్పిచ్చింది. 15 నిమిషాలకోసారి రీడింగు తీయడం రాజ్యాంగం నాలుగో సవరణ ప్రకారం ఇంటిని "సోదా" చెయ్యడమేనంది. అయితే నేరాల దర్యాప్తు కోసం కాకుండా కరెంటు సరఫరా కోసం చేస్తున్నారు గనుక అది సమంజసమైన సోదాయే అని సిటీని గెలిపించింది. డేటా పోలీసులకి సులువుగా అందేటట్టుంటే తమ తీర్పు వేరుగా ఉండవచ్చని కూడా హెచ్చరించింది. ఓడిపోయిన వాళ్ళే ఒక గొప్ప మాట సాధించారనిపించింది నాకు. మీటరు రీడింగు అంటే ఇంట్లోకి తొంగిచూడడమే అని ఒక పెద్ద కోర్టు ఒప్పుకుంది.

ఒప్పుకోవడం వేరు, ఊరుకోవడం వేరు

కాలిఫోర్నియాలో ఉన్న పాఠకులకి సాయంత్రం 4 నుంచి 9 గంటల సంగతి బాగా తెలుసు. పగలు సోలార్ కరెంటు పుష్కలం. పొద్దు గూకే వేళకి అది తగ్గిపోతుంది, సరిగ్గా అప్పుడే అందరం ఇళ్ళకి చేరి ఏసీ, పొయ్యి, వాషింగ్ మెషీను అన్నీ మొదలుపెడతాం. అందుకని ఆ వేళల్లో రేటు ఎక్కువ. 2019 నుంచి 2022 మధ్య మూడు పెద్ద కరెంటు కంపెనీలూ తమ ఇళ్ళ వినియోగదారుల్లో ఎక్కువమందిని దశలవారీగా ఈ వేళల రేట్లలోకి మార్చాయి. మొదటి ఏడాది నష్టపోతే ఆ తేడా వెనక్కి ఇస్తామన్నారు, పాత పద్ధతిలోకి వెళ్ళే వీలూ ఇచ్చారు. కానీ ఉత్తరం చూసి చదివిన వాళ్ళెందరు? మా ఇంట్లో ఆ ఉత్తరం కూపన్లతో పాటు రీసైక్లింగ్ డబ్బాలోకి పోయిందని నా అనుమానం.

శాక్రమెంటో కరెంటు సంస్థ 2012, 2013 వేసవుల్లో దీని మీద ఒక మంచి ప్రయోగం చేసింది. కొంతమందికి "ఇష్టమైతే చేరండి" అన్నారు. ఇంకొంతమందిని తామే చేర్చేసి "ఇష్టం లేకపోతే బయటికి వెళ్ళండి" అన్నారు. మొదటి గుంపులో చేరింది సుమారు ఆరింట ఒకరు. రెండో గుంపులో నూటికి తొంభై మందికి పైగా అలాగే ఉండిపోయారు. పై అధికారికి చూపించడానికి ఏ అంకె బాగుంటుందో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఇంకో సంగతి చూడండి. రద్దీ వేళ ఒక్కో ఇల్లు తగ్గించిన వాడకం ఇష్టపడి చేరిన వాళ్ళలో దాదాపు రెట్టింపు ఉంది. మొత్తం మీద చూస్తే ఎక్కువమంది ఉన్నారు గనుక రెండో పద్ధతిలోనే గ్రిడ్‌కి లాభం. అందుకే సంస్థలకి ఆ దారి ముద్దు.

నేను దానిని తప్పనడం లేదు. మెజారిటీ ఇళ్ళకి మేలు చేసే పద్ధతిలో అందరినీ ముందుగా చేర్చడంలో న్యాయం ఉంది. కానీ ఆ తొంభై మందినీ "ఆమోదించిన వాళ్ళు" అని లెక్క రాయకూడదు. వాళ్ళలో చాలామంది ఊరుకున్న వాళ్ళు. ఊరుకున్న మనిషి బిల్లు పెరిగిన రోజున, ఏసీ ఆగిన రోజున, మొదటిసారి మేలుకుంటాడు. అప్పుడు కోపంగా మేలుకుంటాడు. 2021 జూన్‌లో హ్యూస్టన్‌లో జరిగింది ఇదే. ఎండల్లో కొన్ని ఇళ్ళ థర్మోస్టాట్లు వాటంతటవే పెరిగాయి. విచారిస్తే వాళ్ళు ఎప్పుడో ఒక లక్కీ డ్రా కోసం చేరిన స్కీములో ఆ షరతు ఉంది. అచ్చం నా గిఫ్టు కార్డులాగే.

మన ఊళ్ళో మీటరు

ఆ రాత్రి నాన్నగారు తన ఉద్యోగం రోజుల సంగతులు చెప్పారు. 1980ల తొలినాళ్ళ నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయ మోటార్లకి మీటరు లెక్క లేదు, హార్స్ పవర్‌ని బట్టి స్లాబు రేటు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 2000లో చార్జీలు పెరిగాయి, ఉద్యమం రేగింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004లో రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. "ఆ రోజుల్లో ఊళ్ళోకి వెళ్తే మేము మంచికొచ్చామని ఎవరూ అనుకునేవాళ్ళు కాదురా. చేతిలో మీటరుంటే మరీను" అన్నారు నాన్నగారు.

ఈ చరిత్ర తెలియకపోతే 2020లో జరిగింది అర్థం కాదు. కేంద్రం రాష్ట్రాలకి అదనపు అప్పు కావాలంటే విద్యుత్ సంస్కరణలు చెయ్యాలంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకి మీటర్లు పెట్టే పథకం తెచ్చి శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. కరెంటు ఉచితమే, సబ్సిడీ డబ్బు రైతు ఖాతాలో వేస్తాం, అక్కడి నుంచి కంపెనీకి వెళ్తుంది అన్నారు. మీటరు వస్తే ఏ ట్రాన్స్‌ఫార్మరు మీద ఎంత భారముందో తెలుస్తుంది, నాణ్యమైన కరెంటు ఇవ్వవచ్చు అన్నారు. ఇంజనీరింగు ప్రకారం ఇవన్నీ నిజమే. రైతు అడిగింది మాత్రం ఒక్కటే. ఇవాళ మీటరు, రేపు బిల్లు కాదని హామీ ఏమిటి? తెలంగాణలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు మోటార్లకి మీటర్లు పెట్టేది లేదని పదే పదే ప్రకటించడానికి కారణం కూడా ఈ భయమే. రైతుకి మీటరు అర్థం కాక వద్దంటున్నాడని మనలాంటి చదువుకున్న వాళ్ళు అనేస్తుంటాం. నాకు తోచినంతవరకు, ఆ మీటరుతో రేపు ఏం చెయ్యగలరో అర్థమయ్యే వద్దంటున్నాడు.

ఇళ్ళ సంగతికి వస్తే, 2021లో కేంద్రం దేశమంతటా సుమారు 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని పథకం ప్రకటించింది. ప్రీపెయిడ్ అంటే ఫోను రీచార్జిలాగే ముందు డబ్బు, తరువాత కరెంటు. బాలెన్సు అయిపోతే, ఇందాక చెప్పిన ఆ దూరపు స్విచ్చి పని చేస్తుంది. 2024 మేలో గుజరాత్‌లోని వడోదరలో జనం రోడ్డెక్కారు. డబ్బు మునుపటి కంటే వేగంగా కరిగిపోతోందన్నది వాళ్ళ ఆరోపణ. అచ్చంగా బేకర్స్‌ఫీల్డే, పదిహేనేళ్ళ తరువాత!

అయితే ఒక మంచి అడుగు పడింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. మీటరు తప్పు చూపిస్తోందని ఫిర్యాదు చేస్తే 5 రోజుల్లోగా దాని పక్కనే ఇంకో మీటరు పెట్టాలి, కనీసం 3 నెలలు రెండిటి లెక్కలూ పోల్చి చూడాలి. ఇందులో కొత్త టెక్నాలజీ ఏమీ లేదు. "నా మాట నమ్ము" అనడానికి బదులు "నువ్వే చూసుకో" అనడం, అంతే. వంద అవగాహన సదస్సుల కంటే ఆ పక్క మీటరు ఎక్కువ పని చేస్తుందని నాన్నగారి అభిప్రాయం. నాదీ అదే.

సెప్టెంబరు 6

మళ్ళీ మా ఇంటికి వద్దాం. ఆ గొడవ జరిగిన ఆరో రోజు, 2022 సెప్టెంబరు 6 మంగళవారం. ఆ రోజు కాలిఫోర్నియా గ్రిడ్ మీద భారం 52,061 మెగావాట్లకి చేరింది, అప్పటికి అదే రికార్డు. 2020 ఆగస్టులోలాగా వంతులవారీ కోతలు తప్పవనుకుంటున్నారు. సాయంత్రం ఆరు కావస్తుండగా ఇంట్లో ఫోనులన్నీ ఒక్కసారి గట్టిగా మోగాయి. ప్రాణరక్షణకి సంబంధం లేని కరెంటు వాడకం వెంటనే తగ్గించండి, లేకపోతే కోతలు రావచ్చు అని రాష్ట్ర అత్యవసర విభాగం పంపిన సందేశం.

నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివారు. "ఇది నిజంగా ప్రభుత్వం పంపిందేనా?" అని అడిగి, లేచి గది గదికీ వెళ్ళి లైట్లు ఆర్పారు. అమ్మ దోశల పప్పు గ్రైండరులో వెయ్యబోతూ ఆగిపోయింది. తరువాత నాన్నగారు హాల్లోకి వచ్చి, థర్మోస్టాట్ ముందు నిలబడి, నన్ను ఎలా మార్చాలో అడిగి, తన చేత్తో 80కి పెంచారు. అమ్మని కింద గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి పైకి వెళ్ళొద్దన్నారు.

వారం క్రితం మండిపడింది కూడా ఆ 80 మీదే.

ఆ సాయంత్రం రాష్ట్రంలో మాలాంటి ఇళ్ళు ఎన్నో ఉండి ఉంటాయి. సందేశం వెళ్ళిన కొద్ది నిమిషాల్లోనే వెయ్యి మెగావాట్లకి పైగా భారం తగ్గింది. రాష్ట్రవ్యాప్తంగా కోతలు తప్పాయి. అవతల ఇంకో మనిషి ఇంట్లో చీకటి పడకూడదని కారణం చెప్పి అడిగితే, ఏ గిఫ్టు కార్డూ లేకుండా జనం ఇచ్చారు. రోజూ ఇలా ఫోనులు మోగిస్తే ఎవరూ పట్టించుకోరన్నది నిజమే. ఆ తరువాతి ఏళ్ళలో కాలిఫోర్నియా పెద్ద ఎత్తున బ్యాటరీలు పెట్టింది, 2024లో వాటి సామర్థ్యం 10,000 మెగావాట్లు దాటింది. అయినా రెండో పంక్తిలో కూర్చోమని అడగాల్సిన రోజులు వస్తూనే ఉంటాయి. అడిగిన తీరును బట్టి పెళ్ళివారి మర్యాద తెలుస్తుంది.

మనం చెయ్యగలిగినవి

ఈ వ్యాసం చదివిన వాళ్ళు ఈ వారాంతంలో ఒక అరగంట కేటాయిస్తే బాగుంటుంది.

మీ కరెంటు కంపెనీ వెబ్‌సైటులో గంటల వారీ వాడకం చూడండి. బిల్లు ఎందుకు పెరిగిందో చాలావరకు అక్కడే తెలుస్తుంది. మీరు ఏ రేటు ప్లానులో ఉన్నారో చూడండి, మీకై మీరు ఎంచుకున్నదా, చేర్చబడినదా? రాత్రిపూట కారు చార్జి చేసుకునే ఇంటికి వేళల రేటు లాభం కావచ్చు. పగలంతా పెద్దవాళ్ళూ పసిపిల్లలూ ఉండే ఇంటికి కాకపోవచ్చు. థర్మోస్టాట్ ఏదైనా స్కీములో ఉందేమో చూడండి. ఉంటే ఇంట్లో అందరికీ చెప్పండి, దాన్ని ఎలా రద్దు చెయ్యాలో చూపించండి. మీ రీడింగులు బయటి కంపెనీలతో పంచుకోవడానికి ఎప్పుడైనా అనుమతి ఇచ్చారేమో కూడా చూడండి.

ఊళ్ళో అమ్మానాన్నలకి కొత్త మీటరు వస్తే, అది ప్రీపెయిడా కాదా అడగండి. ప్రీపెయిడ్ అయితే బాలెన్సు హెచ్చరిక మీ ఫోనుకి కూడా వచ్చేటట్టు చూసుకోండి. లెక్క మీద అనుమానముంటే పక్క మీటరు అడిగే హక్కు ఉందని చెప్పండి.

ఇక మనలో చాలామందిమి ఇలాంటి సిస్టమ్స్ రాసే ఉద్యోగాల్లోనే ఉన్నాం. "ఐ అగ్రీ" బటన్ మనమే పెడతాం. అది నొక్కిన వాడొకడు, దాని ఫలితం అనుభవించేది మేడ మీద గదిలో ఉన్న ఇంకొకరు కావచ్చునని ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు.

నేను ఆ స్కీములో ఇప్పటికీ ఉన్నాను. గ్రిడ్‌కి అది అవసరమని నా నమ్మకం. కాకపోతే మళ్ళీ చేరేటప్పుడు షరతులన్నీ బయటికి చదివి వినిపించాను. పెరిగే ముందు సందేశం నాతోపాటు నా భార్య ఫోనుకీ వస్తుంది. అమ్మావాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ ఫోనుకీ వచ్చేటట్టు పెడతాను. కిందటిసారి వెళ్ళేటప్పుడు నాన్నగారు, "ఈసారి ఆ గిఫ్టు కార్డులో మా వాటా మాకివ్వు" అన్నారు. న్యాయమైన కోరికే!